రాష్ట్రేతర తెలుగు శిశువుల ప్రాథమిక తరగతిలో అంతర్జాల విద్యావేదికల వినియోగము

1. విషయ ప్రస్తావన

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల యెల్లలకు వెలుపల తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న ప్రదేశములు పెక్కులు కలవు. కర్ణాటకమున కోలారు, బళ్లారి, పావగడ. తమిళనాట హోసూరు, కోయంబత్తూరు, మదుర, రాజపాళయము. ఒడిశా యందు బరంపురము, పర్లాకిమిడి, రాయగడ. మహారాష్ట్రమున షోలాపురము, ముంబై, సిరొంచ మున్నగునవి అట్టివి. 2011 జనగణన ప్రకారము తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు తమిళనాట 42 లక్షలు, కర్ణాటకమున 35 లక్షలు, మహారాష్ట్రమున 13 లక్షలు, ఒడిశాలో 6 లక్షలు దాటియుండిరి. యానాము స్థితి వేరు. అచ్చట తెలుగువారే అధిక సంఖ్యాకులు. చుట్టును ఉన్నవి ఆంధ్రప్రదేశపు గ్రామములే.

యానామును విడిచి చూచినచో, ఈ కుటుంబములలోని పిల్లల భాషాస్థితిని ఒక్క మాటలో చెప్పవచ్చును: మాట యింట నున్నది, అక్షరము బడిలో లేదు. అవ్వతో తెలుగున మాటలాడు శిశువు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో, ఆంగ్లమో చదువును. ఐదవ తరగతి దాటునాటికి ఆ చదువు స్థిరపడును; ఇంటి మాట చదువులేని మాటగా మిగిలిపోవును. అటు పిమ్మట తెలుగక్షరము నేర్చుటకు తీరికయు, ఆసక్తియు తగ్గిపోవును. కావున ప్రాథమిక దశ యందలి ఐదేండ్లే ఈ విషయమున కీలకమైన కాలము.

రాజ్యాంగము ఈ కాలపు ప్రాముఖ్యమును గుర్తింపకపోలేదు. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల శిశువులకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును విధించినది. అంతకు పూర్వమే, 1949 ఆగస్టులో సమావేశమైన రాష్ట్రముల విద్యామంత్రులు ఒక సంఖ్యానియమమును ఏర్పరచిరి. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని అట్టి పిల్లలున్నచో, వారి భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెననుట ఆ నియమము.

నియమము మంచిదే. కాని పదవ శిశువు లేని తరగతిలో తొమ్మండుగురి గతి యేమి? రెండు వీథుల పిల్లలు నాలుగు బడులలో చెదరి చదువుకొను నగరమున ఆ పదిమందిని ఎవరు కూర్చగలరు? ఎన్నో యూళ్లలో తెలుగు చదువునకు అడ్డు వచ్చినది ఇష్టము లేమి కాదు, లెక్క చాలమి.

అంతర్జాల విద్యావేదిక విద్యార్థుల సంఖ్యను అడుగదు. ఒక్క శిశువునకైనను, వందమందికైనను అదే కథను, అదే పాఠమును అందించును. ఇదియే దాని ప్రధాన గుణము. ఐనను అందుబాటులో నుండుట వేరు, చదువు వచ్చుట వేరు. పిల్లవానిని తెర యెదుట కూర్చుండబెట్టి వీడియోను నడిపించినంత మాత్రమున తెలుగు రాదు. శిశువు చూచువాడుగా గాక, చెప్పువాడుగా, చదువువాడుగా, కూర్చువాడుగా మారినప్పుడే ఈ వేదిక ఫలించును. ఆ మార్పును తెచ్చు మార్గములను నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇచ్చట తరగతి యనగా ప్రభుత్వ పాఠశాల తరగతి మాత్రమే కాదు. తెలుగు సంఘములు ఆదివారము నాడును, సాయంకాలములందును నడుపుకొను చిన్న తరగతులును ఇందు చేరును.

2. వేదికల స్వరూపము

తెలుగు బోధకు పనికివచ్చు వేదికలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది 'దీక్ష'. కేంద్ర ప్రభుత్వపు ఈ వేదికను 2017 సెప్టెంబరు 5వ తేదీన నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిరి. పాఠ్యపుస్తకపు పుటలో ముద్రించిన క్యూఆర్ కోడును చేతిఫోనుతో చూపినచో, ఆ పాఠమునకు సంబంధించిన వీడియో, అభ్యాసము మొదలగునవి తెరచుకొనును. కోడు క్రింద ఆరు అక్షరాంకముల గుర్తు కూడ నుండును. కెమెరా పనిచేయనప్పుడు దానిని టైపు చేసినను చాలును. తెలుగు రాష్ట్రముల పాఠ్యసామగ్రి ఇందు చేరియున్నందున, దానిని అందుకొనుటకు ఆ రాష్ట్రములలో నివసింప నక్కరలేదు.

రెండవది 'స్టోరీవీవర్'. బెంగుళూరు నందలి ప్రథమ్ బుక్స్ అను లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015 సెప్టెంబరు 8వ తేదీన, అంతర్జాతీయ అక్షరాస్యతా దినమున, దీనిని ప్రారంభించినది. ఇందు తెలుగుతో పాటు పెక్కు భాషలలో బొమ్మల కథలు కలవు. అవి నాలుగు మెట్లుగా విభక్తములు: మొదటి మెట్టున తేలిక మాటలతో కూడిన మిక్కిలి చిన్న కథలు, నాల్గవ మెట్టున స్వయముగా చదువగల పిల్లలకు పెద్ద కథలు. కర్త పేరును, చిత్రకారుని పేరును పేర్కొని ఎవరైనను వీనిని ఉచితముగా ముద్రించుకొనవచ్చును, అనువదింపవచ్చును, మార్చుకొనవచ్చును. 'క్రియేటివ్ కామన్స్' అను అనుమతి పద్ధతి దీనికి ఆధారము. ఈ అనువాద స్వాతంత్ర్యమే ప్రకృత విషయమునకు ప్రాణము వంటిది.

మూడవది గూగుల్ సంస్థ వారి 'రీడ్ అలాంగ్'. 2019లో భారతదేశమున 'బోలో' అను పేర వెలువడి, 2020లో తెలుగుతో సహా తొమ్మిది భాషలలో విస్తరించినది. శిశువు కథను బిగ్గరగా చదువుచుండగా ఈ సాధనము వినును. తడబడిన మాటను పలికి చూపును. సరిగా చదివినప్పుడు ప్రోత్సహించును. ప్రక్కన కూర్చుండి వినుటకు తెలుగు చదువ వచ్చినవారెవరును లేని యింట ఇట్టి శ్రోత కొంత ఉపకరించును.

3. లిపి నేర్పుట: ప్రాంతభేదములు

తెలుగు రాష్ట్రమందలి శిశువునకు తెలుగే మొదటి లిపి. రాష్ట్రేతర శిశువునకు అది తరచుగా రెండవదో మూడవదో అగుచున్నది. కావున 'అ, ఆ'లతో ఆరంభించు వీడియోను నాలుగు రాష్ట్రముల పిల్లలకును ఒకే తీరున చూపుట తగదు. శిశువు ఎరిగిన లిపి నుండి ఎరుగని లిపికి త్రోవ వేయవలెను.

ఇందులకు అంతర్జాలమున మంచి సౌకర్యము కలదు. 1991 నాటి తొలి యూనికోడ్ పట్టికలోనే తెలుగుతో పాటు కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపులు స్థానము పొందినవి. ఆ లిపులన్నిట 'క' మొదలగు అక్షరములు తమ తమ గళ్లలో ఒకే వరుసలో అమరియున్నవి. తెలుగు 'క' సంఖ్యకు 128 కలిపినచో కన్నడ 'క' సంఖ్య వచ్చును. ఈ అమరిక వలన ఒక లిపి లోని పాఠమును వేరొక లిపిలోనికి యంత్రము సులభముగా మార్చగలదు. 'అక్షరముఖ' అను ఉచిత లిప్యంతరీకరణ సాధనము ఈ పనినే చేయును. ఉపాధ్యాయుడు ఒక చిన్న తెలుగు కథను తీసికొని, మొదటి వారము ప్రతి పంక్తి క్రిందను స్థానిక లిపిని ఉంచి, రెండవ వారము కష్టమైన మాటల క్రింద మాత్రమే ఉంచి, మూడవ వారము పూర్తిగా తొలగింపవచ్చును. మాట తెలిసినదే, అక్షరము మాత్రమే క్రొత్తది కావున శిశువునకు భయముండదు.

అయితే ఒక్కొక్క ప్రాంతమున కష్టము ఒక్కొక్క తీరున నుండును. కర్ణాటకమున ఇది మిక్కిలి స్వల్పము. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపి నుండి వచ్చినవి. గ, ద, న, ర, ల వంటి అక్షరములు తలకట్టు భేదముతో దాదాపు ఏకరూపములు; త, శ వంటి వానియందు మాత్రము భేదము స్పష్టము. తెరపై రెండు లిపులను ప్రక్కప్రక్కన నిలిపి, 'చుట్టమెవరు, పరాయివారెవరు' అని పిల్లలచే ఏరించుట చక్కని ఆట.

తమిళము చదివిన శిశువునకు స్వరములలో చిక్కు లేదు. హ్రస్వదీర్ఘములైన ఎ–ఏ, ఒ–ఓ భేదములు తమిళమునను కలవు. చిక్కంతయు హల్లులలో. క, చ, ట, త, ప అను ఐదు తమిళాక్షరముల స్థానమున తెలుగున ఇరువది యక్షరములు కలవు. తమిళమున ఒకే యక్షరము స్థానమును బట్టి 'క' అనియు 'గ' అనియు పలుకును. తెలుగున ఏ పలుకుబడికి ఆ యక్షరమే వ్రాయవలెను. ఇచ్చట చూపుటకంటె వినిపించుట మేలు. కాలి–గాలి, తడి–దడి, పండి–బండి వంటి జంటలను ఉపాధ్యాయుడు ధ్వనిముద్రణము చేసి వినిపింపగా, పిల్లలు సరియైన బొమ్మను గాని, అక్షరమును గాని తాకవలెను. ఒత్తు కూడ తమిళ శిశువునకు క్రొత్తది. తమిళమున హల్లుపై చుక్క పెట్టి ప్రక్కన రెండవ అక్షరమును వ్రాయుదురు, తెలుగున అది క్రిందికి దిగును.

మహారాష్ట్ర, ఒడిశాలలో దీనికి విరుద్ధము. మరాఠీ, ఒడియా లిపులలో వర్గాక్షరములన్నియు కలవు గాని, ఎ–ఏలకును, ఒ–ఓలకును వేర్వేరు గుర్తులు వాడుకలో లేవు. మెడ–మేడ, కొన–కోన అను జంటలు అచ్చట ముఖ్యాభ్యాసములు. మరియు మరాఠీలో పదాంతమందలి అకారము లోపించును. 'మేడ' యను మాటను ఆ లిపిలో వ్రాసిచూపినచో శిశువు 'మేడ్' అని చదువును. ఒడియా శిశువు అదే యకారమును ఒకారమునకు దగ్గరగా పలుకును. కాబట్టి లిప్యంతరీకరణమును ఈ ప్రాంతములలో ధ్వనితో జతపరచియే వాడవలెను. మరాఠీ శిశువునకు ఒక లాభమును కలదు: చాప, జామ మొదలగు తెలుగు మాటలలోని దంత్య చకార జకారములు అతనికి మరాఠీలోనే అలవడియుండును.

4. శిశువు కర్తయగు విధానములు

అక్షరము కొంత వశమైన పిమ్మట, వేదికను పుస్తకముగా మాత్రమే గాక పనిముట్టుగా వాడుట ఆరంభింపవలెను. ఇందుకు ఐదు విధానములు సూచింపదగియున్నవి.

మొదటిది, ఒక్క తెరతో సామూహిక పఠనము. తరగతికి ఒక ప్రొజెక్టరు గాని, పెద్ద టెలివిజను గాని చాలును. స్టోరీవీవర్ కథలోని బొమ్మను మాత్రము చూపి, అక్షరములను కాగితముతో మూసి, 'ఇందేమి జరుగుచున్నది?' అని అడుగవలెను. పిల్లలు తమ యింటి తెలుగున చెప్పుదురు. పిమ్మట కాగితము తొలగించి కర్త వ్రాసిన వాక్యమును చదివింపవలెను. తాము చెప్పినదానికిని, పుస్తకమున ఉన్నదానికిని గల పోలికను, భేదమును పిల్లలే గుర్తింతురు. ఇంటి మాటకు పుస్తకపు మాట చుట్టమని తెలిసికొనుటయే ఇందలి లాభము.

రెండవది, అనువాదము. కోలారు శిశువు కన్నడ కథను చదువగలడు. దానిని తెలుగున చెప్పగలడు. వ్రాయుట మాత్రమే కష్టము. కావున నలుగురు పిల్లలు కూడి నోట చెప్పగా, ఉపాధ్యాయుడు టైపు చేయును. ఒక్కొక్క మాటకు తర్జనభర్జన జరుగును. పూర్తియైన కథను నలుగురి పేర్లకు బదులుగా తరగతి పేరుతో వేదికపై ఉంచినచో, అది వేరొక యూరి తెలుగు పిల్లలకు పఠనగ్రంథమగును. ఏడెనిమిదేండ్ల శిశువు తన భాషకు ఒక పుస్తకమును ఇచ్చినవాడగును. స్థానిక భాషా జ్ఞానము ఇచ్చట తెలుగునకు అడ్డు గాక, మూలధనమగుచున్నది.

మూడవది, పెద్దల గొంతు. జోలపాటలు, పొడుపుకథలు, ఊరి కథలు, చెమ్మచెక్క, వామనగుంటలు వంటి ఆటల నియమములు అవ్వలకు, తాతలకు తెలియును. ముద్రితరూపమున దొరకనివి వానిలో ననేకము. శిశువు ఇంటి ఫోనులో రెండు నిమిషముల ధ్వనిముద్రణము చేసికొని వచ్చును. ఉపాధ్యాయుడు దానికొక క్యూఆర్ కోడు సృష్టించి కాగితముపై ముద్రించి గోడకు అంటించును; శిశువు దాని క్రింద బొమ్మ గీసి పేరు వ్రాయును. పాఠ్యపుస్తకపు కోడు వెనుక రాజధానిలోని నిపుణుని గొంతున్నట్లే, ఈ కోడు వెనుక షోలాపురపు మగ్గము ప్రక్కన కూర్చున్న తాత గొంతుండును. పద్మశాలి కుటుంబములలో మగ్గపు భాగములకు వాడు మాటలు, రైతు కుటుంబములలో పంటలకు వాడు మాటలు ఇట్లే సేకరింపవచ్చును.

ఇంచుక దూరపు పెద్దలను కూడ తరగతికి రప్పింపవచ్చును. 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కంప్యూటరు అమర్చి పిల్లల స్వయంశిక్షణను పరిశీలించిన సుగత మిత్ర, అటుపిమ్మట 2009లో 'గ్రానీ క్లౌడ్' అను ప్రయత్నమునకు కారకులైరి. బ్రిటనులోని స్వచ్ఛంద వ్యక్తులు, వారిలో పెక్కుమంది విశ్రాంత ఉపాధ్యాయులు, స్కైప్ ద్వారా భారతదేశపు పిల్లలతో మాటలాడిరి, కథలు చదివిరి. వారు పాఠము చెప్పలేదు. అవ్వ మనుమని మెచ్చుకొన్నట్లు మెచ్చుకొని, 'ఇంకేమి చేసితివి?' అని అడుగుటయే వారి పద్ధతి. ఆంగ్లమునకు పనికివచ్చిన ఈ యుపాయము తెలుగునకు మరింత సహజముగా పనికివచ్చును. కుప్పములో గాని, రాజమహేంద్రవరములో గాని ఉన్న విశ్రాంత ఉపాధ్యాయిని వారమునకు అరగంట కోయంబత్తూరు తరగతితో వీడియోలో మాటలాడుటకు వ్యయము స్వల్పము.

నాల్గవది, బొమ్మల నడక. 'స్క్రాచ్ జూనియర్' అను ఉచిత సాధనము 2014లో ఐదు మొదలు ఏడేండ్ల వయసు పిల్లల కొరకు వెలువడినది. ఇందు ఆజ్ఞలన్నియు బొమ్మల దిమ్మెలే కాని అక్షరములు కావు. కావున భాషాభేదము అడ్డురాదు. శిశువు తన గొంతును ముద్రించి బొమ్మచే మాటలాడింపవచ్చును. కాకి, నక్క మొదలగు పాత్రలతో తన కథను తానే నడిపించి తెలుగున పలికించిన పిల్లవాడు, ఇరువది తెలుగు వీడియోలు చూచిన పిల్లవానికంటె ఎక్కువ తెలుగు మాటలాడియుండును.

ఐదవది, తప్పులు దిద్దు ఆట. యంత్రానువాదము నేడు ప్రతి ఫోనులోను కలదు. అది ఆంగ్లపు 'బ్రదర్' అను మాటను అన్నయో తమ్ముడో తెలియక ఏదో యొకటిగా మార్చును. 'అంకుల్' మామయ్యయో, బాబాయియో, పెదనాన్నయో దానికి తెలియదు. 'నీవు' అనవలసిన చోట 'మీరు' అనియు, 'మీరు' అనవలసిన చోట 'నీవు' అనియు వ్రాయగలదు. అట్టి వాక్యములను పది తెరపై ఉంచి పిల్లలచే దిద్దింపవలెను. పిల్లలు ఈ ఆటలో అమిత సంతోషమును పొందుదురు. ఏలయనగా ఇచ్చట యంత్రమునకు తెలియనిది తమకు తెలియును. చుట్టరికపు మాటలు, మర్యాదా రూపములు ఇట్లు నవ్వుచు నేర్చుకొనబడును.

5. ఇతర విషయముల బోధ

తెలుగును భాషాపాఠముగా మాత్రమే ఉంచినచో, అది ఇంటి పనికిని పండుగకును పరిమితమైన భాష యని శిశువు తలంచును. గణితము, పరిసరముల విజ్ఞానము కూడ కొంత తెలుగున అందవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020–21 విద్యాసంవత్సరమున ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఆంగ్లమున ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకములను ప్రాథమిక తరగతులకు వెలువరించినది. ఆంగ్ల మాధ్యమమున చదువు బెంగుళూరు, చెన్నై, ముంబై తెలుగు పిల్లలకు ఇవి మిక్కిలి అనుకూలములు. భిన్నముల పాఠమును బడిలో ఆంగ్లమున విన్న శిశువు, సాయంకాలము ఎదుటి తెలుగు పుటను చదివి, రొట్టెను నాలుగు భాగములు చేసి తెలుగున వివరించి చెప్పుచుండగా వీడియో తీయవచ్చును. ఇది పునశ్చరణము, భాషాభ్యాసము రెండును అగును.

పదముల పట్టిక మరియొక మార్గము. అందరును వ్రాయగల అంతర్జాలపు పట్టికలో ఒక గడిలో ఇంటి తెలుగు మాట, రెండవ గడిలో పుస్తకపు తెలుగు మాట, మూడవ గడిలో స్థానిక భాషలోని మాట, నాల్గవ గడిలో శిశువు గీసిన బొమ్మ ఉండవలెను. నీరు తెలుగునను కన్నడమునను నీరే, తమిళమున నీర్. తెలుగు మామిడి కన్నడమున మావు, తమిళమున మా, మరాఠీలో ఆంబా, ఒడియాలో ఆంబ. తెలుగు ఏడు కన్నడమున ఏళు. బరంపురపు తరగతియు, హోసూరు తరగతియు ఒకే పట్టికను నింపినచో, తెలుగు ఎన్ని పొరుగు భాషలతో కలిసి జీవించుచున్నదో శిశువునకు కన్నులకు కట్టును. యానాము పిల్లలు ఈ పట్టికలో గోదావరి ప్రాంతపు మాటలను చేర్చి, దూరపు తరగతులకు తోడుగా నిలువగలరు. సంఖ్య చాలని తొమ్మండుగురు వేరొక యూరి ఏడుగురితో కలిసి పదియార్గురగుట ఇట్లే సాధ్యము.

6. ఒక వారపు క్రమము

పై విధానములను దినమునకు అరగంట చొప్పున ఇట్లు అమర్చుకొనవచ్చును. సోమవారము బొమ్మను చూచి చెప్పుట, కథను కలిసి చదువుట. మంగళవారము అదే కథలోని క్రొత్త యక్షరములను పలకపై, కాగితముపై వ్రాయుట. ఆ దినము తెర అవసరము లేదు. బుధవారము ఇద్దరిద్దరుగా కథను ఒకరికొకరు చదివి వినిపించుట. ఫోనున్నవారు రీడ్ అలాంగ్ వంటి సాధనముతో అభ్యసించుట. గురువారము ఇంటినుండి తెచ్చిన ధ్వనిముద్రణములను వినుట, పదముల పట్టికను నింపుట. శుక్రవారము కథను మార్చి చెప్పుట, అనువదించుట, బొమ్మలచే ఆడించుట. ఆదివారము మాత్రమే నడుచు తరగతిలో ఈ యైదింటిని ఐదు వారములకు పంచుకొనవచ్చును.

ఈ క్రమమున తెర యెదుట గడపు కాలముకంటె మాటలాడు కాలము, వ్రాయు కాలము ఎక్కువ. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకములు కూడ, ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆన్‌లైన్ బోధ దినమునకు 30 మొదలు 45 నిమిషముల రెండు పాఠములకు మించరాదని చెప్పినవి. బడిలో ఆ పరిమితి నిండిపోయిన దినమున తెలుగు తరగతి ధ్వనితోను, కాగితముతోను నడువవలెను.

7. కొన్ని జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త మాండలికమును గూర్చినది. యంత్రము ప్రామాణికోచ్చారణమునకు అలవడినది. రాజపాళయపు శిశువు పలుకును అది తప్పని చూపవచ్చును. అట్టిచోట 'ఇంటి మాట తప్పు' అను భావము శిశువు మనస్సున నాటుకొనకుండ చూడవలెను. ఇంటి రూపము, పుస్తక రూపము రెండును తెలుగే యనియు, చదువునప్పుడు పుస్తకమున ఉన్నట్లు పలుకవలెననియు చెప్పినచో చాలును. శతాబ్దములు నిలిచిన పలుకును యంత్రపు గుర్తుకు లోబడి విడిచిపెట్టరాదు.

రెండవది పిల్లల రక్షణ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా పరిగణించి, వారి సమాచారమును వినియోగించుటకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెనని చెప్పినది. కావున శిశువు పేరు, ముఖము, చిరునామా బహిరంగ వేదికపై ఉంచక, తరగతి పేరుతోనే రచనలను ఉంచుట మేలు. అవ్వ పాటను ముద్రించునప్పుడు ఆమె అనుమతిని కూడ అడుగవలెను.

మూడవది సౌకర్యముల అసమానత. ఫోనున్న యింటి పిల్లలే ముందుకు పోయినచో, సంఖ్యచే వెనుకబడినవారు ఈసారి పేదరికముచే వెనుకబడుదురు. కథలను దిగుమతి చేసికొని, ముద్రించి, చిన్న పుస్తకములుగా కుట్టి పంచవచ్చును; స్టోరీవీవర్ అనుమతి దీనికి చాలును. అంతర్జాలము వారమునకు ఒక్కసారి ఉపాధ్యాయునికి అందినను ఈ విధముగా తరగతి సాగును.

8. సంఘముల కర్తవ్యము

వేదిక యెంత గొప్పదైనను, పిల్లవాడు తప్పుగా చదివి తలయెత్తి చూచినప్పుడు ఎదుట ఒక మనుష్యుని ముఖము కనబడవలెను. కావున అంతర్జాలము 350-ఎ అధికరణము కోరిన ఉపాధ్యాయునికి ప్రత్యామ్నాయము కాదు. పదిమంది యున్నచోట ఉపాధ్యాయుని అడుగు హక్కును తెలుగు సంఘములు విడువరాదు. 'అంతయు ఫోనులో నున్నది కదా' యను సమాధానమును అంగీకరింపరాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ వీలైనంతవరకు ఐదవ తరగతి దాక ఇంటిభాషలో బోధింపవలెనని పేర్కొన్నది. ఆ మాటను ఆచరణలో నిలుపుమని కోరుట ఒక వంక సాగవలెను. పదిమంది లేనిచోట ఈ వేదికలతో చిన్న తరగతిని నిలుపుట మరియొక వంక సాగవలెను.

ఇందుకు ప్రతి సంఘమును చేయదగిన పనులు నాలుగు: తెలుగు చదువవచ్చిన ఇద్దరిని ఎంచి ఈ సాధనములలో తర్ఫీదు ఇప్పించుట, ఒక ప్రొజెక్టరును, కొన్ని ముద్రిత కథలను సమకూర్చుట, తెలుగు రాష్ట్రములలోని విశ్రాంత ఉపాధ్యాయులతో వారపు సంభాషణములు ఏర్పాటు చేయుట, తమ యూరి పెద్దల గొంతులను పిల్లలచే ముద్రింపించి భద్రపరచుట. ఇందు చివరిది ఆలస్యమునకు ఓర్చునది కాదు. పాఠములు వేదికపై రేపును ఉండును. అవ్వలు రేపుండుదురను నమ్మకము లేదు. వారి మాటను విని వ్రాయగల పిల్లలు నేడు రెండవ తరగతిలోను, మూడవ తరగతిలోను ఉన్నారు. ఆ ఇరువురి నడుమ అక్షరము చేరినచో, ఎల్లలకు వెలుపలి తెలుగు వినుటకే గాక చదువుటకును మిగులును.